కలల ఆఫీసులో ఒక గుమాస్తా

గూఢచారి అంటే ఊరు దాటి, దేశం దాటి వెళ్ళేవాడు. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని రాత్రికి రాత్రి నమిలేసిన మధుబాబు షాడో నవలలు నాకు నేర్పింది ఇదే. ఇంజనీరింగ్ హాస్టల్లో జాన్ లె కారే చేతికొచ్చాక గూఢచారికి నడివయసు, పొట్ట, నిలవని కాపురం, అంతరాత్మ వగైరాలు వచ్చి చేరాయి గానీ దిక్కు మాత్రం మారలేదు. శత్రువు ఎప్పుడూ సరిహద్దుకి అవతలే ఉంటాడు. వాడి రహస్యాన్ని ఇవతలికి తేవాలి. అంతే కదా ఉద్యోగం.

ఇస్మాయిల్ కదరే నవల 'ది పాలెస్ ఆఫ్ డ్రీమ్స్' చదివాక ఆ దిక్కు మారిపోయింది. 1981లో అల్బేనియాలో అచ్చయి, మరుసటి ఏడు రచయితల సంఘం సమావేశంలో చీవాట్లు తిని, నిషేధానికి గురైన పుస్తకం ఇది. పెద్దది కూడా కాదు, ఒక ఆదివారం చాలు. ఇందులో తుపాకీ పట్టుకుని పరిగెత్తేవాడు లేడు. సరిహద్దు దాటే సీను లేదు. ఉన్నది ఒక ఆఫీసు. ఆ ఆఫీసు నిండా ఫైళ్ళు. ఫైళ్ళ నిండా జనానికి రాత్రిళ్ళు వచ్చిన కలలు.

కథలోకి వెళ్ళేముందు ఆ దేశం గురించి కొంచెం చెప్పాలి. అల్బేనియా వైశాల్యం 28,748 చదరపు కిలోమీటర్లు. 1989 నాటికి జనాభా సుమారు 32 లక్షలు. 1944 నుంచి 1985లో పోయేదాకా ఎన్వర్ హోజా ఏలాడు. 1948లో యుగోస్లావియాతో చెడింది, 1961లో సోవియట్ యూనియన్‌తో చెడింది, 1978లో చైనాతో కూడా చెడింది. 1967లో మతాన్నే నిషేధించారు. ఉన్న స్నేహితులు ఒక్కొక్కరే పోయాక పొలాల్లో, సముద్రపు ఒడ్డున, ఊళ్ళ మధ్యన వేల కొద్దీ కాంక్రీటు బంకర్లు మొలిచాయి, ఎప్పటికీ రాని దండయాత్ర కోసం. ఈ దేశపు గూఢచారి సంస్థ పేరు సిగురిమి. అల్బేనియన్ భాషలో ఆ మాటకి అర్థం భద్రత.

థ్రిల్లర్ రాయాలనుకునే వాళ్ళకి ఇక్కడ సరుకు లేకపోలేదు. 1949 నుంచి కొన్నేళ్ళపాటు బ్రిటన్, అమెరికా కలిసి ప్రవాస అల్బేనియన్లకి శిక్షణ ఇచ్చి పడవల్లోనూ పారాచ్యూట్లతోనూ దేశంలోకి దింపాయి. దిగినవాళ్ళు దిగినట్టే దొరికిపోయారు. ఆ పథకానికి వాషింగ్టన్‌లో బ్రిటన్ తరఫు మనిషి సాక్షాత్తూ కిమ్ ఫిల్బీ అన్నది ఒక కారణం. కానీ ఒక్క ఫిల్బీ వల్లే అయిందనడం ఇంగ్లీషు వాళ్ళ చరిత్రకి అలవాటైన ముచ్చట. సిగురిమి తన పని తాను చేసింది. పట్టుబడ్డ వాళ్ళ రేడియోలతోనే అబద్ధపు సందేశాలు పంపించి ఇంకొందరిని రప్పించింది. అయినా కదరే ఈ కథ ముట్టుకోలేదు. ఎందుకంటే ఆ సంస్థ అసలు పని ఇది కాదు. దాని రోజువారీ పని లోపలి జనం మీద.

లోపలి జనం అంటే ఎంత లోపలో చూడండి. సిగురిమిని మొదట్లో గుప్పిట్లో పెట్టుకున్న హోంమంత్రి కోచి జోజెని 1949లో చంపేశారు. 1981 డిసెంబరులో ప్రధాని మెహ్మెత్ షేహు పడకగదిలో తూటా గాయంతో శవమై కనబడ్డాడు. ఆత్మహత్య అన్నారు. ఆ తర్వాత అతను అమెరికా, సోవియట్, యుగోస్లావియా మూడింటికీ ఏజెంటని ప్రకటించారు. (ఒక మనిషి మూడు షిఫ్టులు!) ఆ వరసలో హోంమంత్రులుగా చేసిన ఇద్దరికి 1983లో మరణశిక్ష పడింది. అంటే ఈ యంత్రానికి డ్రైవరు సీటు కూడా భద్రం కాదు.

ఇప్పుడు నవల. కాలం పందొమ్మిదో శతాబ్దం అనుకోవచ్చు, స్థలం ఒట్టోమన్ సామ్రాజ్యపు రాజధాని. సుల్తాను ఏలుబడిలో తబీర్ సరాయ్ అనే మహా సంస్థ ఉంటుంది. సామ్రాజ్యంలో ఏ మూల ఎవడికి ఏ కల వచ్చినా దాన్ని రాయించి, బళ్ళ మీద రాజధానికి చేర్చి, ఏరి, అర్థం చెప్పి, అన్నిటిలోకీ ముఖ్యమైన కలని శుక్రవారం శుక్రవారం సుల్తానుకి సమర్పించడం దాని పని. రాజ్యానికి రాబోయే గండం ఎక్కడో కొండల్లో ఒక అనామకుడి నిద్రలో ముందే కనబడవచ్చు కదా, దాన్ని వదులుకోకూడదు కదా, అని వాళ్ళ తర్కం. మన పంచాంగంలో కలకి ఫలితం కల కన్నవాడికి దక్కుతుంది, పాము కనబడితే ఇది, ఏనుగు కనబడితే అది అని. తబీర్ సరాయ్‌లో ఫలితం రాజ్యానిది. కన్నవాడికి దక్కేది వేరే.

మార్క్-అలెం అనే కుర్రాడు ఇందులో ఉద్యోగానికి చేరతాడు. తల్లి వైపు వాళ్ళు కుప్రిలీలు, తరతరాలుగా సామ్రాజ్యానికి మంత్రుల్ని ఇచ్చిన అల్బేనియన్ వంశం. మేనమామ ఒకాయన ఇప్పుడు వజీరు. మిగతా వాళ్ళు ఏళ్ళు పట్టే మెట్లు ఇతను నెలల్లో ఎక్కుతాడు. ముందు ఏరివేత విభాగం, తర్వాత అర్థాల విభాగం, చివరికి ఆ భవనానికే పెద్ద.

ఈ నవల మీద ఇంగ్లీషులో వచ్చిన ఏ సమీక్ష తీసినా రెండు పేర్లు తప్పవు: ఆర్వెల్, కాఫ్కా. అట్ట వెనక కూడా అవే. నాకు ఈ పోలిక బద్ధకం అనిపిస్తుంది. ఆర్వెల్ ప్రపంచంలో అంతా తెలిసినవాడు ఒకడుంటాడు. ఓబ్రయన్‌కి తను ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో తెలుసు. విన్‌స్టన్‌కి కూర్చోబెట్టి వివరిస్తాడు కూడా. తబీర్ సరాయ్‌లో తెలిసినవాడు ఎవడూ లేడు. పై అధికారులు కూడా చీకట్లో ఉన్నవాళ్ళే, కాకపోతే వాళ్ళ గదులు పెద్దవి. ఇక కాఫ్కా 'కోట'లో కె. బాధ లోపలికి వెళ్ళలేకపోవడం. మార్క్-అలెంని రమ్మని పిలిచి మరీ ఉద్యోగం ఇస్తారు. అడక్కుండానే ప్రమోషన్ ఇస్తారు. ఒక్కో ప్రమోషన్ చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. తలుపు తెరుచుకోకపోవడం కాదు ఇక్కడి భయం, ఒకదాని తర్వాత ఒకటి అన్నీ వాటంతట అవే తెరుచుకోవడం.

రూపక కథ అనే ముద్ర వేసేసి పక్కన పెట్టడం కూడా అలాంటిదే. సుల్తాను అంటే హోజా, తబీర్ అంటే సిగురిమి, అయిపోయింది, లెక్క సరిపోయింది. నిజమే, కదరే ఆ ముసుగు వేసుకోకపోతే పుస్తకం అచ్చయ్యేది కాదు. అధికారులకి ఆ లెక్క కట్టడం వచ్చు కాబట్టే నిషేధించారు. కానీ ముసుగు తీసి చూసి వచ్చేస్తే నవల్లో ఉన్న అసలు విషయం చేతికి రాదు. ఇది ముందుగా ఆఫీసు నవల. కలల్ని పక్కన పెట్టి ఆఫీసు పనిని చదవండి. మార్క్-అలెం దారి తప్పే పొడుగాటి నడవాలు, ఎదురుగా ఎవరూ కనబడకుండా వినబడే అడుగుల చప్పుడు, విరామంలో అందరూ నేలమాళిగలోకి దిగి కాఫీయో సలేపో తాగుతూ సగం సగం మాట్లాడుకునే మాటలు, పక్క విభాగం ఏం చేస్తుందో అడగకూడదనే మర్యాద, సాయంత్రానికి కళ్ళ ముందు అలుక్కుపోయే అక్షరాలు. కొత్త టీములో చేరిన మొదటి నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళెవరికైనా ఈ పేజీలు పరాయివి కావు.

ఏరివేత విభాగంలో మార్క్-అలెం చేసే పని గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. నాకు అది బాగా తెలిసిన పని. కట్టలు కట్టలుగా వచ్చిన కలల్లో పనికిరానివి తీసేయాలి. ఆకలి వల్లో అజీర్ణం వల్లో వచ్చినవి, సొంత కోరికలకి సంబంధించినవి, పేరు కోసం కల్పించి పంపినవి. మిగిలినవి పై విభాగానికి పంపాలి. ఇప్పటి మాటల్లో ఇది ఫిల్టరు. నా ఉద్యోగంలో సర్వర్ల నుంచి వచ్చే హెచ్చరికల్ని ఇలాగే వడగట్టే ప్రోగ్రాములు రాస్తుంటాం. ఫిల్టరు రెండు రకాలుగా తప్పు చేయగలదు: పనికొచ్చేదాన్ని పారేయడం, పనికిరానిదాన్ని ముందుకి పంపడం. లెక్కల్లో రెండూ తప్పులే. మనుషుల్లో కాదు. పారేసినదాంట్లో ఏదో ఉందని రేపు తేలితే పారేసినవాడి పని అయిపోతుంది. అనవసరంగా ముందుకి పంపినందుకు ఎవడి ఉద్యోగమూ పోదు. కాబట్టి అనుమానం ఉంటే పంపించెయ్. పంపించేసినవాడికి నష్టం లేదు. ఆ కాగితం మీద ఎవరి పేరుందో వాడికే నష్టం.

రాజధానిలో ఉండే ఒక కూరగాయల వ్యాపారికి ఒక కల వచ్చింది. వంతెన పక్కన చెత్త పోసే ఖాళీ స్థలం. ఆ చెత్తలో తనంతట తనే మోగుతున్న పాత వాయిద్యం. ఆ మోతకి వెర్రెత్తినట్టు రంకెలేస్తున్న ఎద్దు. మార్క్-అలెం దీన్ని చదివి, ఇందులో ఏముంది అని పక్కన పడేయబోతాడు. తర్వాత, ఏమో, అని ముందుకి పంపేస్తాడు. ద్వేషం లేదు, భక్తి లేదు, దురాశ కూడా లేదు. ఒక 'ఏమో' మాత్రమే. కుప్రిలి అనే పేరుకి మూలం టర్కీ భాషలో వంతెన. వాయిద్యం అంటే ఆ వంశం మీద పాడుకునే వీరగాథ. ఎద్దు ఏమిటో మీరే ఊహించుకోవచ్చు. ఆ ఏమో తిరిగి తిరిగి అతని సొంత ఇంటి మీదే పడుతుంది. వజీరు ఇంట్లో విందు జరుగుతుండగా సుల్తాను మనుషులు వస్తారు, పాటగాళ్ళని అక్కడికక్కడే చంపుతారు. అందరిలోకీ చలాకీగా, అందంగా ఉండే చిన్న మేనమామ కుర్త్‌ని పట్టుకుపోతారు. తర్వాత అతని తల పోతుంది.

నేను చదివిన ఏ గూఢచారి నవల్లోనూ ఇంత సూటిగా లేని సంగతి ఇది. నిఘా సంస్థకి క్రూరులు అక్కర్లేదు. తన మీదకి రాకుండా చూసుకునే మామూలు ఉద్యోగులుంటే చాలు. సిగురిమికి సమాచారం మోసినవాళ్ళలో ఎక్కువమంది గురించి కూడా నా ఊహ ఇదే.

కలగన్న ఆ వ్యాపారి ఏమయ్యాడు? కదరే అతన్ని మనకి ముఖాముఖి చూపించడు. చూపించకపోవడమే ఆ పేజీల బలం. కలలో అస్పష్టంగా ఉన్న చోట్ల వివరణ కావాలని కన్నవాళ్ళని తబీర్ సరాయ్‌కి పిలిపించి, ఒంటరి గదుల్లో పెట్టి, అడిగిందే అడుగుతారు. నాలుగు వాక్యాల కలకి వందల పేజీల వాంగ్మూలం తయారవుతుంది. ఒకరోజు ఆ వైపు నడవాలోంచి శవపేటిక మోసుకెళ్ళడం మార్క్-అలెం చూస్తాడు. ఏం అడుగుతారు ఒక మనిషిని, అతని కల గురించి? గుర్తులేదు అనడానికి వీల్లేని చోట గుర్తులేదనేదే నిజమైన జవాబు. ప్రశ్నలు అడిగేవాడికి కల మర్చిపోయేదాకా అడగాలని ఉద్దేశమేమో అని కూడా అనిపిస్తుంది.

పుస్తకంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. మార్క్-అలెం మరీ ఖాళీ మనిషి. భయపడతాడు, ఆశ్చర్యపడతాడు, అలిసిపోతాడు, అంతకు మించి అతనికంటూ ఏమీ ఉండదు. ఆఫీసు ఇతన్ని ఖాళీ చేసిందని సమర్థించవచ్చు. కానీ చేరేనాటికే ఖాళీగా ఉన్నాడు మరి, ఆఫీసు ఏం తీసుకున్నట్టు? ఆడవాళ్ళు నవల్లో దాదాపు లేరు. తల్లి నిట్టూర్చడానికి ఉంటుంది. విందు తర్వాత వజీరు ఎదురుదెబ్బ తీయడం, తబీర్‌లో తలలు మారడం, ఇతను పై కుర్చీకి రావడం, ఇదంతా ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు జరిగిపోతుంది. మనకి సగం కారణాలు తెలియవు. మార్క్-అలెంకీ తెలియవు కాబట్టి మనకీ తెలియనక్కర్లేదు అనే జవాబు నాకు సగమే సరిపోయింది. అసలు సుల్తానుకి చేరే మహాకలల్లో కొన్నిటిని లోపలే తయారుచేస్తారని వజీరు ఒకచోట సూచిస్తాడు. ఎంత పెద్ద మాట అది! ఇంకో యాభై పేజీలు దాని మీదే రాయొచ్చు. కదరే అన్నాక వదిలేస్తాడు.

రెండో పుస్తకం దగ్గరికి వస్తాను. లేయా ఇపి 2021లో రాసిన జ్ఞాపకాల పుస్తకం 'ఫ్రీ'. ఇపి 1979లో పుట్టింది, ఇప్పుడు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసర్. 1990 డిసెంబరులో విద్యార్థులు వీధుల్లోకి వచ్చేనాటికి ఆమెకి పదకొండేళ్ళు, స్టాలిన్‌నీ హోజానీ మనసారా ప్రేమించే బడిపిల్ల. ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళు నాకు తగల్లేదు. పెడితే ఒకటి కనబడుతుంది: రెండూ ఇంటిపేరు గురించిన పుస్తకాలు.

ఇంటిపేరు అడిగి మనిషి పుట్టుపూర్వోత్తరాలు తేల్చేసే అలవాటు మనకి కొత్తగా చెప్పాలా? పేరు చెప్పగానే "ఇంటిపేరు?" అని ఇంకో ప్రశ్న వస్తుంది, అది దేనికోసమో అడిగినవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. హోజా అల్బేనియాలో ఆ ప్రశ్న అడిగే పని ప్రభుత్వం తీసుకుంది. దానికి వాళ్ళు వాడిన మాట బయోగ్రఫీ. ప్రతి మనిషికీ మంచి బయోగ్రఫీయో చెడ్డ బయోగ్రఫీయో ఉంటుంది. తాత ఏం చేశాడో, బాబాయి ఎక్కడున్నాడో అందులోకి వస్తాయి. ఏం చదవాలి, ఎక్కడ పనిచేయాలి, ఎవరిని పెళ్ళాడాలి అన్నీ దాన్ని బట్టే. జాఫెర్ ఇపి అని 1920ల్లో ఒక ప్రధాని ఉండేవాడు. బడిలో దేశద్రోహుల జాబితాలో ఆ పేరు వచ్చినప్పుడల్లా లేయా ఇంట్లో చెప్పిన జవాబు, పేరు కలిసిందంతే, మనకేం కాడు అని. అతను ఆ పిల్ల ముత్తాత.

ఇంట్లో పెద్దవాళ్ళు తరచూ యూనివర్సిటీల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఫలానా ఆయన బి.లో చదివాడు, ఫలానా ఆవిడ మొన్ననే డిగ్రీ పూర్తిచేసింది, ఇంకొకాయనకి సబ్జెక్టు కష్టమైంది. పాలన కూలిపోయాక గానీ పిల్లకి అసలు సంగతి చెప్పలేదు. యూనివర్సిటీ అంటే జైలు. బి. అంటే బురెల్ జైలు. డిగ్రీ పూర్తవడం అంటే విడుదల. సబ్జెక్టు అంటే మోపిన నేరం: అంతర్జాతీయ సంబంధాలు అంటే దేశద్రోహం, సాహిత్యం అంటే ప్రభుత్వ వ్యతిరేక ప్రచారం. మధ్యలో చదువు మానేయడం అంటే ఆత్మహత్య. బహిష్కరణ అంటే మరణశిక్ష. విద్యార్థిగా చేరి తర్వాత పాఠాలు చెప్పడం మొదలుపెట్టినవాడు అంటే లోపల లొంగిపోయి సమాచారం మోయడానికి ఒప్పుకున్న ఖైదీ. కఠినమైన మాస్టారు అంటే ఎందరి ప్రాణాలో తీసిన అధికారి.

'ఫ్రీ'లో సిగురిమి మనిషి పెద్దగా కనబడడు. కనబడనక్కర్లేదు. వంటింటి మాటల్లోనే ఆ సంస్థ మొత్తం ఉంది. ఒక దేశపు నిఘా ఎంత సమర్థమైనదో చెప్పడానికి ఏజెంట్ల సంఖ్య కన్నా ఈ చిన్న నిఘంటువు నాకు ఎక్కువ చెప్పింది. ఇది ఎన్‌క్రిప్షనే, కాకపోతే పాస్‌వర్డు లేదు, వయసే తాళంచెవి. ఇక్కడ ప్రమాదం ఎవరి నుంచి? మైక్రోఫోన్ నుంచి కాదు, బడికెళ్ళే సొంత పిల్ల నుంచి. హోజా ఫొటో మన హాల్లో ఎందుకు లేదు అని అందరి ముందూ అడిగే పిల్ల నుంచి. ఆమెకి నిజం చెప్పకపోవడం ఆమె కోసమా, ఆమె నుంచి తమని కాపాడుకోవడానికా? రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఇపి దాన్ని విడదీయడానికి ప్రయత్నించకపోవడం నాకు గౌరవంగా తోచింది.

మరీ చిన్న దేశంలో నిఘా ఇలాగే ఉంటుందేమో. పెద్ద దేశంలో చూసేవాడు ముక్కూమొహం తెలియనివాడు. ఇక్కడ పక్కింటావిడ, బావమరిది, క్లాస్‌మేట్. తిరానా నడిబొడ్డున తీగలల్లుకున్న రెండంతస్తుల ఇల్లొకటుంది, జనం పెట్టిన పేరు 'ఆకుల ఇల్లు'. 1931లో కాన్పుల ఆసుపత్రిగా కట్టారు, యుద్ధంలో గెస్టపో వాడుకుంది, తర్వాత ఫోన్లూ గదులూ చాటుగా వినే పనికి సిగురిమి తీసుకుంది. 2017 నుంచి మ్యూజియం. పిల్లలు పుట్టడానికి కట్టిన ఇంట్లో ఊరివాళ్ళ గుసగుసలు టేపులకెక్కాయి. కదరే కల్పించిన తబీర్ సరాయ్ ఊరంత పెద్దది. అసలుది ఓ మోస్తరు మేడ.

'ఫ్రీ' మీద కూడా నాకో ఫిర్యాదుంది. సంభాషణలు మరీ చక్కగా కుదురుతాయి. పదేళ్ళ పిల్లకి గుర్తున్న మాటలు ఇంత గుండ్రంగా, ఇంత సమయానికి ఉండవు. రాజనీతి ప్రొఫెసర్ వెనక నుంచి అందిస్తున్నట్టుంటుంది. టీవీ మీద అలంకరణగా పెట్టుకున్న ఖాళీ కోకాకోలా డబ్బా గురించి రెండు కుటుంబాలు మాటలు మానేసే అధ్యాయం మాత్రం ఎంత హాస్యంగా ఉంటుందో అంత నిజంగా ఉంటుంది. తెల్లవారేసరికి క్యూలో మనుషుల బదులు రాళ్ళూ సంచులూ నిలబడి ఉండటం కూడా. ఇపి 2025లో 'ఇండిగ్నిటీ' రాసింది. నాయనమ్మ హనీమూన్ ఫొటో ఒకటి ఎవరో సోషల్ మీడియాలో పెట్టడం, దాని కింద నోటికొచ్చిన వ్యాఖ్యలు, అక్కణ్ణుంచి సిగురిమి ఫైళ్ళ వేట. సగం పరిశోధన, సగం కల్పన. సిగురిమి ఫైళ్ళు తెరవడానికి అల్బేనియా చట్టం చేసింది 2015లో, అంటే సంస్థ రద్దయిన 24 ఏళ్ళకి. ఈలోపు చాలామంది పోయారు, చాలా కాగితాలూ పోయాయి. ఫైలు ఖాళీగా ఉన్నచోట మనవరాలు ఊహించి రాస్తే నాయనమ్మకి న్యాయం జరిగినట్టా, లేక అది ఇంకో ఫైలు తెరిచినట్టా? ఆ పుస్తకానికి ఇంకో వ్యాసం కావాలి.

కదరే గురించి మాట్లాడితే ఒక ప్రశ్న తప్పించుకోలేం. ఇంత రాసినవాడు ఎలా బతికాడు? హోజాదీ ఇతనిదీ ఒకటే ఊరు, జిరోకాస్తర్. పార్లమెంటులో సభ్యుడిగా ఉన్నాడు. 1970ల మొదట్లో సోవియట్‌తో తెగతెంపుల మీద రాసిన పెద్ద నవల్లో హోజాని గొప్పగానే చూపించాడు. ఒక కవితకి శిక్షగా 1970ల మధ్యలో కొన్నాళ్ళు పల్లెకి పంపించారు, అచ్చు వేయడం ఆపారు. మళ్ళీ వేశారు. విదేశాలు వెళ్ళనిచ్చారు. 1980ల్లో కొన్ని రాతప్రతుల్ని ఫ్రాన్స్‌కి దొంగచాటుగా చేరవేసి అక్కడ బ్యాంకులో దాచాడు. పాలన ఊగిపోతున్న 1990 అక్టోబరులో ఫ్రాన్స్‌లో ఆశ్రయం అడిగాడు. 2005లో మ్యాన్ బుకర్ ఇంటర్నేషనల్ మొదటి బహుమతి ఇతనికే వచ్చింది, 2024 జులైలో పోయాడు. చివరిదాకా వాదన ఆగలేదు: తిరుగుబాటుదారా, ఆస్థాన కవా?

ఈ ప్రశ్నకి నవల్లోనే ఒక జవాబుంది, అది కదరేకి అనుకూలమైనదేం కాదు. మార్క్-అలెం ఆ భవనంలోకి పెద్దింటి అండతో వెళతాడు, లోపలే ఉంటాడు, పైకి వెళతాడు, తన మనుషులు పోవడం లోపల నుంచే చూస్తాడు. రాజీనామా అనే ఆలోచన ఒక్క వాక్యంలో కూడా రాదు. చివర్లో బండి అద్దంలోంచి పూస్తున్న బాదం చెట్లు చూస్తాడు, తన సమాధి మీద పూసిన బాదం కొమ్మ చెక్కించుకోవాలనుకుంటాడు. కళ్ళల్లో నీళ్ళు. చాలామంది సమీక్షకులు ఆ కన్నీళ్ళని మనిషి ఇంకా మిగిలున్నాడనడానికి గుర్తుగా చదివారు. నాకలా అనిపించదు. తన సమాధికి డిజైను ఎంచుకుంటూ ఏడుస్తున్నాడు. కూరగాయల వ్యాపారి శవపేటిక మీద ఏం చెక్కారు? అతని పేరు కూడా మనకి తెలియదు. కదరేకి ఈ సంగతి తెలిసే రాశాడని నా నమ్మకం. తెలిసి రాశాడు కాబట్టే అతని మీద కేసు కొట్టేయాలనీ నేననను. తన గురించి ఇంత కఠినంగా రాసుకున్నవాడిని మళ్ళీ మనం కొత్తగా పట్టుకున్నదేమీ లేదని మాత్రం అంటాను.

ఏ వరసలో చదవాలి అంటే ముందు 'ఫ్రీ' చదవండి. యూనివర్సిటీల అధ్యాయం అయ్యాక కలల భవనంలోకి వెళితే అది ఫాంటసీలా అనిపించదు. ఇంకో చిన్న విషయం. మనం ఇంగ్లీషులో చదివే ఈ నవల అల్బేనియన్ నుంచి నేరుగా రాలేదు. యూసుఫ్ వ్రియోని ఫ్రెంచిలోకి చేసిన అనువాదం నుంచి బార్బరా బ్రే ఇంగ్లీషులోకి తెచ్చింది, 1993లో. వ్రియోని పెద్దింటివాడు, చెడ్డ బయోగ్రఫీ. ఫ్రాన్స్‌లో చదివి యుద్ధ సమయంలో తిరిగొస్తే ఫ్రెంచి గూఢచారివని పదేళ్ళకి పైగా జైల్లో పెట్టారు. బయటికొచ్చాక ఆ ఫ్రెంచే అక్కరకొచ్చింది. హోజా రచనల్ని ఫ్రెంచిలోకి చేసిందీ అతనే, కదరేని చేసిందీ అతనే.